తాళం ఇచ్చినవాడికీ శిక్ష ఉంది

2019 జనవరి. బీటెక్ ఫైనలియర్. ప్రాజెక్ట్ రివ్యూ అయిపోయిన సంతోషంలో నలుగురం హైవే పక్కన ఒక దాబాలో కూర్చున్నాం. నవ్వుకోకండి, మా క్లాసులో ఓ బ్యాచ్ చేసిన ప్రాజెక్ట్ ఏంటో తెలుసా? స్మార్ట్ హెల్మెట్. ఎంక్యూ-3 సెన్సర్, ఆర్డునో బోర్డు, ఒక రిలే. తాగి హెల్మెట్ పెట్టుకుంటే బండి స్టార్ట్ అవ్వదు. మీ కాలేజీలో కూడా ఏటా ఎవరో ఒకరు చేస్తూనే ఉంటారు. డెమోలో శానిటైజరో డియోడరెంటో కొట్టి చూపిస్తారు, ఎక్స్‌టర్నల్ గారు తలూపి మార్కులేస్తారు.

ఆ రాత్రి మా దగ్గర హెల్మెట్లే లేవు, స్మార్ట్‌వీ కాదు, మామూలువీ కాదు. లేచేసరికి పదకొండు దాటింది. "ఏరా, నేను బానే ఉన్నా. తాళం ఇటివ్వు" అన్నాడు మావాడు. బండి నాది. నేను వాడికంటే తక్కువే తాగాను కానీ నిద్రొస్తోంది. తాళం ఇచ్చేసి వెనక కూర్చున్నా.

మాది చిలకలూరిపేట. పేటలో పెరిగినవాళ్లకి ఎన్‌హెచ్-16 అంటే ఇంటి ముందు వీధి లాంటిదే. చెన్నై నుంచి కోల్‌కతా దాకా పోయే రోడ్డు, మాకు మాత్రం టీ తాగడానికి పోయే రోడ్డు. జనవరి వస్తే మిరప కోతలు మొదలవుతాయి. గుంటూరు యార్డుకి టిక్కీలు వేసుకుని ట్రాక్టర్లు రాత్రుళ్లే బయల్దేరతాయి. అలాంటి ట్రాక్టరొకటి టైరు పంక్చరై రోడ్డు పక్కన ఆగి ఉంది. వెనక లైటు లేదు. ఒక పెద్దాయన టార్చి పట్టుకుని చక్రం దగ్గర వంగి ఉన్నాడు. మావాడు చూడలేదు. చూసినా ఆ స్థితిలో బ్రేకు పట్టేవాడో లేదో.

మావాడికి కాలర్‌బోన్ విరిగింది. నాకు మోకాళ్లు కొట్టుకుపోయాయి. పెద్దాయనకి తుంటి ఎముక విరిగింది.

మర్నాడు పొద్దున్నే ఇరువైపుల పెద్దమనుషులు ఆసుపత్రి వరండాలోనే కూర్చున్నారు. 'చదువుకునే పిల్లలు, క్యాంపస్‌లో ఉద్యోగం కూడా వచ్చింది, కేసయితే బతుకు పాడవుతుంది' అన్నది మా వైపు వాదన. ట్రాక్టర్‌కి వెనక లైటు లేదన్న మాట కూడా మెల్లగా వేశారు. ఆసుపత్రి ఖర్చు, పైన 60 వేలు. రాజీ అయిపోయింది. విషయం స్టేషన్ దాకా వెళ్లనే లేదు. మేం తాగామని ఏ కాగితం మీదా లేదు.

అప్పుడు ఊపిరి పీల్చుకున్నా. అది ఎంత అన్యాయమో నాకు తర్వాత ఇన్సూరెన్స్ గురించి చదివినప్పుడు తెలిసింది. కేసు నమోదై ఉంటే ఆ పెద్దాయన మోటారు ప్రమాద పరిహార ట్రైబ్యునల్‌కి వెళ్లగలిగేవాడు. బండికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఉంది. నడిపినవాడు తాగి ఉన్నాడన్న కారణంతో బాధితుడికి పరిహారం ఎగ్గొట్టడం సాధారణంగా కుదరదు. కంపెనీ ముందు అతనికి చెల్లించి, ఆ తర్వాత బండి యజమాని దగ్గర, అంటే నా దగ్గర, వసూలు చేసుకుంటుంది. మేం చేసిన రాజీ కాపాడింది మమ్మల్నే. ఆయన ఆ తర్వాత పొలం కౌలుకిచ్చేశాడని విన్నాను.

చట్టం ఏమంటుంది?

మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 185 ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల కంటే ఎక్కువ ఆల్కహాల్ ఉంటే నేరం. మొదటిసారి 6 నెలల వరకు జైలు, లేదా రూ. 10 వేల జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే 2 ఏళ్ల వరకు జైలు, రూ. 15 వేలు. 2019 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన లెక్క ఇది; మా సంఘటన జరిగిన నాటికి మొదటిసారి జరిమానా రూ. 2 వేలే. హెల్మెట్ చలానాలాగా ఫోన్‌లో కట్టేసి మర్చిపోయే వ్యవహారం కాదు, కోర్టుకి వెళ్లాల్సిందే. దోషిగా తేలితే కనీసం 6 నెలలు లైసెన్సుకి అనర్హత. ఈ చివరి ముక్క చాలామందికి తెలీదు, అందరూ పది వేల గురించే మాట్లాడతారు.

ఇంకోటి కూడా తెలీదు. అదే చట్టంలో సెక్షన్ 188 ఉంది. తాగి నడపడానికి ప్రోత్సహించినవాడికీ, సహకరించినవాడికీ అదే శిక్ష. తాళం ఇచ్చినవాడన్నమాట. దాన్ని ప్రయోగించిన కేసు గురించి నేనైతే ఎప్పుడూ వినలేదు. జపాన్‌లో 2007 నుంచి తాగినవాడికి బండి ఇచ్చినా, మందు పోసినా, తెలిసి అతని బండి ఎక్కినా శిక్షే. మన దగ్గర సెక్షన్ ఉంది, భయం లేదు.

మనిషి చనిపోతే కథ మారుతుంది. భారతీయ న్యాయ సంహితలో నిర్లక్ష్యంతో మరణానికి కారణమైతే సెక్షన్ 106 కింద 5 ఏళ్ల వరకు. ప్రాణం పోవచ్చని తెలిసీ నడిపాడని కోర్టు నమ్మితే సెక్షన్ 105 కింద 10 ఏళ్ల దాకా. ఈ రెంటి మధ్య గీత ఎక్కడ అన్నదే ఇలాంటి కేసుల్లో అసలు పోరాటం. 1999 జనవరిలో ఢిల్లీలో బీఎండబ్ల్యూ కారు కింద ఆరుగురు చనిపోయిన కేసులో 2012లో సుప్రీంకోర్టు ఇది మామూలు నిర్లక్ష్యం కాదు, పెద్ద సెక్షనే వర్తిస్తుంది అంది. కానీ శిక్ష మాత్రం అప్పటికే గడిపిన రెండేళ్లు చాలంది. దానితోపాటు ప్రమాద బాధితుల కోసం రూ. 50 లక్షలు, రెండేళ్ల సమాజసేవ. ఆరు ప్రాణాలకి ఇదా అని కోపమొస్తుంది. నాకూ వచ్చింది.

చిన్నటేకూరు ప్రశ్న

2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరులో జరిగింది గుర్తుందిగా. ఒక బైకు అదుపుతప్పి డివైడర్‌ని ఢీకొంది. నడుపుతున్న కుర్రాడు అక్కడే పోయాడు. బైకు రోడ్డు మీద పడి ఉంది. హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న ప్రైవేటు బస్సు దాని మీదకెక్కి ఈడ్చుకుపోయింది, మంటలంటుకున్నాయి. బస్సులో 19 మంది చనిపోయారు. బైకు నడిపినతను తాగి ఉన్నాడని ఫోరెన్సిక్ పరీక్షలో తేలింది. వెనక కూర్చున్న స్నేహితుడు బతికాడు.

ఆ వార్త చదివినప్పుడు నాకు బస్సు కంటే ముందు ఆ వెనక కూర్చున్నతనే కనిపించాడు. ఆ సీటు నాకు తెలుసు.

హైదరాబాద్ పోలీస్ కమిషనర్ సజ్జనార్ అప్పుడు తాగి నడిపేవాళ్లని ఉగ్రవాదులన్నారు. సోషల్ మీడియా అంతా ఉరి తీయాలి, ఎన్‌కౌంటర్ చేయాలి అంది. ఒక్క నిమిషం ఆలోచించండి. చనిపోయినవాణ్ని ఏ శిక్షా చేరలేదు. జైలు ఆరు నెలలు కాకుండా అరవై ఏళ్లని రాసి ఉన్నా ఆ రాత్రి ఏమీ మారేది కాదు, ఎందుకంటే దాబా నుంచి లేచేటప్పుడు ఎవడూ సెక్షన్లు గుర్తుచేసుకోడు. గుర్తుచేసుకునేది ఒకటే: 'దార్లో చెకింగ్ ఉందా?'

అందుకే శిక్ష ఎంత పెద్దది అన్నదానికంటే దొరకడం ఎంత ఖాయం అన్నదే ముఖ్యం అంటాను. ఆస్ట్రేలియాలోని న్యూసౌత్‌వేల్స్‌లో 1982 డిసెంబరులో అనుమానం ఉన్నా లేకపోయినా ఎవరినైనా ఆపి ఊదించడం మొదలుపెట్టారు. మద్యం వల్ల జరిగే ప్రాణాంతక ప్రమాదాలు బాగా తగ్గాయి. హైదరాబాద్‌లో శుక్ర, శనివారం రాత్రుళ్లు ఐటీ కుర్రాళ్లు క్యాబ్ బుక్ చేసుకోవడానికి కారణం ఒక్కసారిగా బుద్ధి రావడం కాదు, బారికేడ్లు. మన వైపు అదెంత ఉంది? కోటప్పకొండ తిరునాళ్ల రాత్రి ప్రభల ముందు గంతులేసి తెల్లారుజామున తిరిగొచ్చే బైకులు చూశారా? ఒక్కో బండి మీద ముగ్గురు. ఆర్టీసీ వాళ్లు ప్రత్యేక బస్సులు వేస్తారు, మనవాళ్లు ఎక్కరు.

ఇంకో నిజం కూడా ఒప్పుకోవాలి. హైదరాబాద్‌లో తాగినవాడికి క్యాబ్ ఉంది. పేటలో రాత్రి పదకొండుకి పక్క పల్లెకి పోవాలంటే ఆటో కూడా దొరకదు. జాతీయ, రాష్ట్ర రహదారుల పక్కన 500 మీటర్ల లోపు మద్యం దుకాణాలు ఉండొద్దని సుప్రీంకోర్టు 2016 డిసెంబరులో చెప్పింది. తర్వాత చిన్న ఊళ్లకి 220 మీటర్లు చేసింది, మున్సిపాలిటీల లోపల వర్తించదని 2017లో సడలించింది. అంటే హైవే ఊరి మధ్య నుంచి పోయే పట్టణాల్లో తీర్పు స్ఫూర్తి ఎంత మిగిలిందో మీరే చెప్పండి.

96

మా వాడి కథ ఆగలేదు. 2022లో హైదరాబాద్‌లో దొరికాడు. రీడింగ్ 96.

కొంచెం టెక్నాలజీ చెప్పనివ్వండి, అలవాటు. పోలీసుల చేతిలో ఉండే యంత్రంలో మన ప్రాజెక్టుల్లో వాడే ఎంక్యూ-3 లాంటి చౌక సెన్సర్ కాదు, ఎక్కువగా ఫ్యూయల్ సెల్ ఉంటుంది. ఊపిరిలోని ఆల్కహాల్ ప్లాటినం ఎలక్ట్రోడ్ మీద ఎసిటిక్ ఆమ్లంగా మారుతూ కరెంటు పుట్టిస్తుంది. ఆ కరెంటు ఎంతో చూసి రక్తంలో ఎంతుందో లెక్కగడుతుంది. మౌత్‌వాష్ వాడి వెంటనే ఊదితే తప్పుడు రీడింగ్ రావచ్చు, పావుగంట ఆగి మళ్లీ ఊదితే పోతుంది. తాగింది మాత్రం పోదు. కాలేయం గంటకి సుమారు 15 మిల్లీగ్రాములే తగ్గిస్తుంది. నిమ్మకాయ, మజ్జిగ, కాఫీ, తలస్నానం, ఏవీ ఆ వేగాన్ని పెంచవు. 96 నుంచి 30కి దిగాలంటే దాదాపు నాలుగున్నర గంటలు. రాత్రి బాగా తాగి పడుకుని పొద్దున్నే స్కూల్ బస్సు తీసే డ్రైవరు కూడా పట్టుబడేది ఈ లెక్క వల్లే.

కోర్టుకి ముందు కౌన్సెలింగ్. హైదరాబాద్‌లో గోషామహల్, బేగంపేట ట్రాఫిక్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్లలో జరుగుతాయి. ఇంట్లోవాళ్లని తీసుకురావాలన్నారు. మావాడి నాన్న పేట నుంచి రాత్రి బస్సెక్కి వచ్చాడు. నూలు మిల్లులో సూపర్‌వైజర్‌గా చేసి రిటైరైన మనిషి. కొడుకు పక్కన కూర్చుని ప్రమాదాల వీడియోలన్నీ చూశాడు. బయటికొచ్చాక కొడుకుని ఒక్క మాట తిట్టలేదట. మెట్రో స్టేషన్ మెట్ల దగ్గర ఆగి ఒకటే అడిగాడట: "ఆ ట్రాక్టర్ పెద్దాయన ఎట్లా ఉన్నాడో ఎప్పుడన్నా కనుక్కున్నావా నాయనా?"

జరిమానా కట్టేశాడు, అది వాడికి ఒక వీకెండ్ ఖర్చు. పేటలో జిన్నింగ్ మిల్లు కూలీకి అదే పది వేలు ఇంటిల్లిపాది నెల తిండి. ఫిన్లాండ్‌లో జరిమానాని ఆదాయాన్ని బట్టి వేస్తారు. మన దగ్గర ఎందుకు వేయకూడదు? మావాణ్ని నిజంగా మార్చినవి రెండు: నాన్న అడిగిన ప్రశ్న, లైసెన్సు లేని ఆరు నెలలు. రోజూ ఆఫీసుకి రెండు బస్సులు మారి వెళ్తూ ఆలోచించుకోవడానికి టైము దొరికిందంటాడు.

ఉద్యోగం పోవాలా?

ఈ పేజీ చదివే మీకు అసలు గుచ్చుకునే ప్రశ్న ఇదే. గ్రూప్ డిస్కషన్‌లో ఈ టాపిక్ వస్తే 'కఠినంగా శిక్షించాలి' అని అందరూ అంటారు. 'నీ క్యాంపస్ ఆఫర్ రద్దు చేయాలా?' అంటే గది నిశ్శబ్దమైపోతుంది.

దొరికినవాళ్ల సంగతి కంపెనీలకి తెలియజేస్తామని సైబరాబాద్ పోలీసులు పలుమార్లు అన్నారు. నాకు ఇది నచ్చదు. మొదటిసారి, ఎవరికీ దెబ్బ తగలని కేసులో ఉద్యోగం తీసేయడం శిక్ష మీద శిక్ష. పనీ, జీతం, పొద్దున్నే లేవాల్సిన అవసరం లేని మనిషి ఇంకా తాగుతాడు. బస్సు, లారీ, డెలివరీ ఉద్యోగం వేరు. అక్కడ డ్రైవింగే పని కాబట్టి యజమానికి తెలియాలి. ఎవరికైనా గాయమైతే కూడా వేరే మాట. ఇక్కడ నాతో మీరు ఒప్పుకోకపోవచ్చు. బాధితుల కుటుంబాలు అస్సలు ఒప్పుకోవు. 2016 జులై 1న పంజాగుట్టలో తాగిన ఇంజినీరింగ్ విద్యార్థుల కారు డివైడర్ దాటి ఎదుటి కారు మీద పడి ఒక చిన్నపాప, ఆ పాప బాబాయి, తాత పోయారు. ఆ ఇంటివాళ్లకి 'కుర్రాళ్ల కెరీర్' అని చెప్పే ధైర్యం నాకు లేదు.

నా అభిప్రాయం ఎలా ఉన్నా మీకు తెలియాల్సినవి కొన్ని. కోర్టు రికార్డులు ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఉంటాయి, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ ఏజెన్సీలు వాటిని వెతుకుతాయి. ప్రభుత్వ ఉద్యోగాల అటెస్టేషన్ ఫారంలో అరెస్టు, కేసు, శిక్ష గురించి నేరుగా అడుగుతారు. అక్కడ దాచొద్దు. అవతార్ సింగ్ కేసులో 2016 జులైలో సుప్రీంకోర్టు చెప్పిందేమిటంటే, చిన్న నేరమైతే యజమాని క్షమించే వీలుంది, కానీ అడిగింది నిజంగా చెప్పాల్సిందే. చిన్న కేసు కంటే పెద్ద అబద్ధమే ఉద్యోగాలు తీసేస్తుంది. అమెరికా వెళ్లేవాళ్లకి ఇంకో హెచ్చరిక. అక్కడ డీయూఐ కింద అరెస్టయితే చాలు, కోర్టు తేల్చకముందే విదేశాంగ శాఖ వీసా రద్దు చేయొచ్చు. ఎఫ్-1 మీద ఉన్న మన పిల్లలు ఇంటికొచ్చి తిరిగి వెళ్లేటప్పుడు ఇది బయటపడుతుంది.

చీపురు శిక్షా?

2024 నవంబరులో విశాఖ కోర్టు యాభై మందికి పైగా తాగి నడిపినవాళ్లని బీచ్ శుభ్రం చేయమంది. మంచిర్యాలలో ప్రభుత్వ ఆసుపత్రి ఊడ్పించారు. జైలు కంటే మేలే. జైల్లో పడేస్తే ఖర్చు ప్రభుత్వానికి, స్నేహాలు దొంగలతో. కానీ చీపురు పట్టడమే అవమానం అన్నట్టు ఫొటోలు వేస్తుంటే, రోజూ ఆ పని చేసే మున్సిపల్ అక్కలకి ఎలా ఉంటుంది? పనే పెట్టాలంటే ఎముకల వార్డులో పెట్టండి. తుంటి విరిగినవాణ్ని బెడ్‌ప్యాన్ మీదకి ఎత్తడానికి ఎంతమంది కావాలో తెలుస్తుంది.

రెండోసారి దొరికినవాడి దగ్గర మాత్రం చీపురు, జరిమానా రెండూ పనిచేయవు. అక్కడ సమస్య బండి కాదు, మందు. అమెరికాలోని సౌత్ డకోటాలో 2005లో ఒక పద్ధతి మొదలుపెట్టారు: రోజుకి రెండుసార్లు, పొద్దునా సాయంత్రం వచ్చి ఊదాలి. తాగి ఉంటే అక్కడికక్కడే ఒకటి రెండు రోజులు లోపలేస్తారు. శిక్ష చిన్నది, కానీ తప్పదు, ఆలస్యం కాదు. మళ్లీ తాగి నడిపి అరెస్టయ్యేవాళ్లు కౌంటీల స్థాయిలో 12 శాతం తగ్గారని రాండ్ సంస్థ పరిశోధకులు లెక్కతేల్చారు. మన ప్రతి మండలంలో స్టేషన్ ఉంది, యంత్రం ఉంది. పేటలో ఇది చేయడానికి కొత్త టెక్నాలజీ ఏమీ అక్కర్లేదు. స్వీడన్‌లోలాగా కార్లకి ఆల్కోలాక్ పెట్టొచ్చు గానీ, మనవాళ్లు ఎక్కువగా నడిపేది బైకులు. స్మార్ట్ హెల్మెట్ బ్యాచ్‌లూ, శానిటైజర్ పక్కనపెట్టి దీని మీద నిజంగా పనిచేయండి.

వ్యసనమా కాదా తేల్చుకోవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారు చేయించిన పది ప్రశ్నల పరీక్ష ఉంది, పేరు 'ఆడిట్'. ఎనిమిది, అంతకంటే ఎక్కువ వస్తే జాగ్రత్తపడాలి. మావాడికి 14 వచ్చింది. డీఅడిక్షన్ హెల్ప్‌లైన్ 14446కి చేస్తే డబ్బులేం అడగరు. మావాడు ముందు దానికే చేశాడు, తర్వాత డాక్టర్ దగ్గరికెళ్లాడు. మధ్యలో రెండుసార్లు జారాడు. ఇప్పటికి పద్నాలుగు నెలలైంది. తాళం మాత్రం ఇంకా వాళ్లావిడ దగ్గరే ఉంటుంది.

పోయిన మిరప సీజన్‌లో మేమిద్దరం ఆ పెద్దాయన ఇంటికెళ్లాం. కారులో కాదు, బస్సులో. కల్లంలో కాయలు ఆరబోసి ఉన్నాయి, వాళ్లవి కావు, కౌలుదారువి. ఆయన కర్ర పట్టుకుని వచ్చి మంచం మీద కూర్చున్నాడు. మమ్మల్ని గుర్తుపట్టడానికి కొంచెం టైము పట్టింది. మావాడు చెప్పాలనుకున్నదేదీ చెప్పలేకపోయాడు. నేను బండి నాదేనని చెప్పాను. ఆయన నా వంక చూశాడు కానీ ఏమీ అనలేదు. కాసేపాగి, "ఉద్యోగాలు బాగున్నాయా బాబూ?" అన్నాడు.

లేచేటప్పుడు లోపల నుంచి ఒక కుర్రాడిని పిలిచాడు. మనవడట, డిగ్రీ అయిపోయి ఏడాదైందట. "మీ హైదరాబాద్‌లో ఏదన్నా ఉంటే చూడండి" అన్నాడు. ఆ అబ్బాయి రెజ్యూమె నా ఫోన్‌కి పంపాడు. రెండు పేజీలు, స్పెల్లింగులు దిద్దాలి. మావాడు బస్సులోనే దిద్దడం మొదలుపెట్టాడు.